'స్టాప్ జెనోసైడ్': కాందిశీకుల నడకనే సాక్ష్యంగా నిలబెట్టిన జహీర్ రాయ్‌హాన్

దాదాపు 20 నిమిషాల నలుపు తెలుపు సినిమా అది. మొదట్లో ఒక పల్లె. ఒకమ్మాయి ఢేకీ తొక్కుతూ వడ్లు దంచుతుంటుంది. కాలితో తొక్కి దంచే ఆ కొయ్య సాధనం చప్పుడు ఒకప్పుడు బెంగాల్ పల్లెల్లో తెల్లవారితే వినిపించేదే. కాసేపటికి ఆ చప్పుడు మీదికి వేరే చప్పుళ్లు వచ్చి పడతాయి. బూట్లు, కుక్కల మొరుగులు, తుపాకులు. ఆ తర్వాత తెర నిండా మనుషులు. నెత్తిన మూటలతో, చంకలో పిల్లలతో, బురదలో కాళ్లీడ్చుకుంటూ పడమరకు నడుస్తున్న మనుషులు.

1971లో కలకత్తాలో తయారైన 'స్టాప్ జెనోసైడ్' ఇది. దర్శకుడు జహీర్ రాయ్‌హాన్ కూడా అలా సరిహద్దు దాటి వచ్చిన వాళ్లలో ఒకరే. అప్పటికి ఆయన వయసు 35. తూర్పు పాకిస్తాన్‌లో పేరున్న నవలాకారుడు, హిట్లు ఇచ్చిన దర్శకుడు. సినిమా పూర్తయిన కొద్ది నెలలకే, 36 ఏళ్ల వయసులో, స్వేచ్ఛ పొందిన తన దేశ రాజధానిలోనే ఆయన మాయమైపోయారు.

జహీర్ పుట్టింది 1935 ఆగస్టు 19న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఫెనీ ప్రాంతంలో మజుపూర్ అనే ఊళ్లో. అసలు పేరు మహమ్మద్ జహీరుల్లా. తండ్రి కలకత్తా ఆలియా మదరసాలో అధ్యాపకుడు కావడంతో బాల్యం కలకత్తాలో గడిచింది. 1947లో దేశం రెండు ముక్కలయ్యాక కుటుంబం కలకత్తా వదిలి సొంత ఊరికి వెళ్లిపోయింది. పన్నెండేళ్ల వయసులో ఆయన చూసిన మొదటి సరిహద్దు అది. అప్పుడు తూర్పుకు వెళ్లిన ఆ కుర్రాడే ఇరవై నాలుగేళ్ల తర్వాత ప్రాణాలు దక్కించుకోవడానికి పడమరకు వచ్చాడు.

అన్న షహీదుల్లా కైసర్ కమ్యూనిస్టు, జర్నలిస్టు, తర్వాతి కాలంలో పెద్ద నవలాకారుడు. తమ్ముడి మీద ఆయన ప్రభావం బాగా ఉండేది. పార్టీ నాయకులు అజ్ఞాతంలో ఉన్న రోజుల్లో వాళ్ల మధ్య ఉత్తరాలు చేరవేసే పని జహీర్ చేశారు. ఆ సమయంలోనే కమ్యూనిస్టు నాయకుడు మణి సింగ్ ఆయనకు రాయ్‌హాన్ అనే పార్టీ పేరు పెట్టారని చెబుతారు. ఆ పేరే చివరిదాకా నిలిచింది. 1952 ఫిబ్రవరి 21న, ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్న ప్రభుత్వ నిర్ణయానికి వ్యతిరేకంగా 144వ సెక్షన్‌ను ధిక్కరించి ఢాకా వీధుల్లోకి వచ్చిన విద్యార్థుల్లో ఆయన మొదటి బృందంలోనే ఉన్నారు. అరెస్టయ్యారు. ఆ రోజు కాల్పుల్లో చనిపోయిన వారి జ్ఞాపకం ఆయన కథల్లో, నవలల్లో, సినిమాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

తర్వాతి పదేళ్లు పత్రికలు, కథలు, సినిమా అన్నీ కలిసే నడిచాయి. 'జాగో హువా సవేరా' అనే సినిమాకు సహాయకుడిగా పనిచేశారు. పద్మ, మేఘన నదుల మీద బతికే జాలర్ల కథ అది. కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ రచన చేసిన ఆ సినిమా 1959లో వచ్చింది. 1961లో సొంతంగా 'కఖనో ఆషేనీ' తీశారు. 1964లో ఉర్దూలో తీసిన 'సంగం' పాకిస్తాన్ మొత్తానికే మొదటి రంగుల సినిమా. అదే ఏడాది 'హజార్ బఛర్ ధరే' నవల వచ్చి ఆదమ్‌జీ బహుమతి తెచ్చుకుంది. జానపద కథలూ తీశారు, కుటుంబ కథలూ తీశారు. డబ్బులొచ్చే సినిమాను చిన్నచూపు చూసిన మనిషి కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తర్వాత ఆయన తీసిన డాక్యుమెంటరీలో ఏ షాట్ తర్వాత ఏ షాట్ వేస్తే హాల్లో జనం కదలకుండా కూర్చుంటారో తెలిసిన చేయి కనిపిస్తుంది.

1970లో వచ్చిన 'జీబన్ థేకే నేయా' ఆయన్ని వేరే మెట్టు ఎక్కించింది. పైకి అదొక ఇంటి గొడవ. ఇంట్లో పెత్తనమంతా పెద్దక్కది. తాళాల గుత్తి ఆమె నడుముకే వేలాడుతుంటుంది. భర్త నుంచి తమ్ముళ్ల దాకా అందరూ ఆమె చెప్పినట్టే మసలాలి. ఆ తాళాల గుత్తి ఎవరి చేతుల్లో ఉందో హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పదేళ్లుగా దేశాన్ని అలాగే పట్టుకున్నది జనరల్ అయూబ్ ఖాన్. అధికారులు సినిమాకు అడ్డుపడ్డారు, జనం ఒత్తిడితో వదిలారు. అందులో రవీంద్రుడి 'అమార్ సోనార్ బాంగ్లా' పాట వాడారు. రేడియోలో రవీంద్ర సంగీతానికే చోటు లేకుండా చేయాలని చూసిన పాలకుల కాలంలో ఆ పాటను తెరమీద పెట్టడం చిన్న విషయం కాదు. మరుసటి ఏడాదే అది ఒక కొత్త దేశానికి జాతీయ గీతమైంది.

అదే ఏడాది ఆయన మరో సినిమా మొదలుపెట్టారు, 'లెట్ దేర్ బీ లైట్'. సొంత నవలిక 'ఆర్ కతో దిన్' దానికి ఆధారం. కులమో మతమో రంగో చూసి మనుషుల్ని వేటాడే లోకంలో, ఒక చోట నుంచి మరో చోటికి పారిపోతూ ఉండే జనం కథ అది. యుద్ధం రాకముందే, ఇల్లు వదలకముందే, కాందిశీకుల కథ ఆయన రాసిపెట్టుకున్నారన్నమాట. ఆ సినిమా పూర్తి కాలేదు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన అవామీ లీగ్‌కు అధికారం ఇవ్వడం ఇష్టం లేని సైనిక ప్రభుత్వం యూనివర్సిటీ హాస్టళ్ల మీద, పోలీసు లైన్ల మీద, పాత ఢాకాలోని హిందువుల వీధుల మీద దాడి చేసింది. నాయకుడు షేక్ ముజీబుర్ రహ్మాన్ అరెస్టయ్యారు. జహీర్ ఏప్రిల్‌లో సరిహద్దు దాటి కలకత్తా చేరారు. స్టూడియోలు, రీళ్లు, సగంలో ఆగిన సినిమా, అన్న షహీదుల్లా అన్నీ ఢాకాలోనే ఉండిపోయాయి.

ఆ నెలల్లో సరిహద్దు దాటిన జనం సంఖ్యను ఊహించడం ఇప్పటికీ కష్టమే. మే నెలలో సగటున రోజుకు లక్ష మందికి పైగా భారత్‌లోకి వచ్చారు. డిసెంబరు నాటికి భారత ప్రభుత్వ లెక్క దాదాపు 99 లక్షలు. 825 శిబిరాలు. అందులో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్‌లోనే. త్రిపురలోనైతే స్థానిక జనాభా ఎంతో, వచ్చినవాళ్లూ దాదాపు అంతే. కలకత్తా శివారు సాల్ట్ లేక్‌లో మురుగు కాల్వ కోసం తెచ్చిపెట్టిన సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. వానాకాలం వచ్చింది, దానితో కలరా. బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. రోగుల బంధువులకే ఆ పని అప్పగించారు. మరణాలు బాగా తగ్గిపోయాయి. ఇవాళ ప్రతి మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం మీద ప్రపంచానికి నమ్మకం కుదిరింది ఆ శిబిరాల్లోనే. అదొక పెద్ద కథ. అది వేరే చెప్పుకోవాల్సింది.

శిబిరం దాకా చేరినవాళ్లు అదృష్టవంతులు. మే 20న ఖుల్నా జిల్లా చుక్‌నగర్‌లో ఏం జరిగిందో చూస్తే ఆ మాట అర్థమవుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి పడవల మీద వచ్చిన జనం, ఎక్కువగా హిందువులు, అక్కడ దిగి సరిహద్దు వైపు నడక మొదలుపెట్టేవాళ్లు. ఆ రోజు సైనికులు వచ్చి కొద్ది గంటల్లో వేల మందిని కాల్చి చంపారు. ఆ యుద్ధంలో ఒకే చోట జరిగిన అతిపెద్ద ఊచకోతల్లో అదొకటి. అక్కడ కెమెరా లేదు.

జహీర్‌కు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. లోపల జరుగుతున్న హత్యల్ని తీయడానికి దారి లేదు. మార్చి 25 తర్వాత విదేశీ విలేకరులను సైన్యం ఢాకా నుంచి పంపించేసింది. ఆయన చేతిలో ఉన్నవి అక్కడక్కడా దొరికిన న్యూస్‌రీల్ ముక్కలు, కొన్ని ఫొటోలు. కంటికి ఎదురుగా ఉన్నది మాత్రం సరిహద్దు, దాన్ని దాటి వస్తున్న మనుషులు. అందుకే నేరాన్ని చూపించలేని చోట, నేరం నుంచి నడిచి వచ్చిన మనిషిని చూపించారు. శవం కనిపించదు, కానీ శవాన్ని వదిలి వచ్చిన ముఖం కనిపిస్తుంది. నడుము వంగిపోయిన ఒక ముసలమ్మ బురద దారిలో అడుగు తీసి అడుగు వేస్తుంటే కెమెరా ఆమెను తొందరపెట్టదు. వార్తా చిత్రంలో రెండు సెకన్లలో తేలిపోయే షాట్ అది.

అప్పటి తెలుగు పత్రికలు వీళ్లను కాందిశీకులు అని రాసేవి. ఇప్పుడు శరణార్థులు అంటున్నాం. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే, కానీ తేడా ఉంది. శరణార్థి అంటే ఆశ్రయం అడిగేవాడు, అంటే మన గడప ముందు నిలబడినవాడు. కాందిశీకుడు అన్న మాటలో ఏ దిక్కుకు పోవాలన్న ప్రశ్న దాగి ఉంది. అది దారిలో ఉన్న మనిషి మాట. జహీర్ సినిమా ఎక్కువగా ఈ రెండో మనిషి గురించే.

భారత ప్రభుత్వానికి ఆనాడు ఈ జనం ఒక భారం, ఒక దౌత్య సమస్య. పాశ్చాత్య దేశాల్లో విరాళాలు సేకరించేవారికి వాళ్లు జాలి గొలిపే ముఖాలు. జహీర్ పెట్టిన పేరులో మాత్రం సాయం కోరడం లేదు, హత్యాకాండ ఆపమన్న ఆజ్ఞ ఉంది. జనహననం అన్న పదాన్ని ప్రభుత్వాలు నోట పలకడానికి జంకుతున్న రోజుల్లో ఆయన దాన్ని శీర్షికలోనే పెట్టారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను, వియత్నాం మీద పడుతున్న బాంబులను, తూర్పు బెంగాల్ దారులను పక్కపక్కన కూర్చారు. పాకిస్తాన్ సైనిక ప్రభుత్వానికి వెన్నుదన్నుగా ఉన్నది నిక్సన్ అమెరికా. ఆ లంకె ఎవరూ విడదీసుకోనక్కర్లేకుండా తెరమీదే కట్టేశారు. ఆంగ్ల వ్యాఖ్యానం ఆలంగీర్ కబీర్‌ది. స్వాధీన్ బంగ్లా రేడియోలో ఇంగ్లిష్ కార్యక్రమాలు నడిపిన ఈ విమర్శకుడి గొంతు ఎక్కడా బతిమాలదు. సినిమా ఉద్దేశించింది బెంగాలీలను కాదు, బయటి ప్రపంచాన్ని.

ఇది సొంతవాళ్లకే మింగుడు పడలేదు. లెనిన్ వాక్యంతో మొదలయ్యే సినిమాలో షేక్ ముజీబ్ ఎందుకు లేడని అవామీ లీగ్‌లో కొందరు అభ్యంతరం చెప్పారు. ప్రవాస ప్రభుత్వ ప్రధాని తాజుద్దీన్ అహ్మద్ అండగా నిలవడంతో సినిమా బయటికి వచ్చింది. ఇందిరాగాంధీ చూసి ఫిల్మ్స్ డివిజన్ ద్వారా ఇతర దేశాలకు పంపే ఏర్పాటు చేయించారని అంటారు. జహీర్ అభ్యంతరాలను పట్టించుకున్నట్టు కనిపించదు. నాయకుడి బొమ్మ లేకుండా జాతి కథ చెప్పడం ఆ రోజుల్లో సాహసమే. ఇవాళ ఆ సినిమా పాతబడకపోవడానికి అదీ ఒక కారణం.

లోపాలు లేవని కాదు. వచ్చినవాళ్లలో అత్యధికులు హిందువులు. సైన్యం వాళ్లను ప్రత్యేకంగా వెతికి చంపింది. సినిమా ఆ సంగతి మీద ఆగదు, అందరినీ బెంగాలీలుగానే చూపిస్తుంది. ఢిల్లీ కూడా ఆ లెక్కను పైకి చెప్పడానికి ఇష్టపడలేదు, ఇక్కడ మత ఘర్షణలు రేగుతాయన్న భయంతో. జహీర్ కారణం వేరు. మతం పేరున పుట్టిన దేశాన్ని భాష పేరున కాదన్న తరం ఆయనది. ఆ లౌకిక నమ్మకం గొప్పదే. దాని కింద ఒక నిజం కప్పబడిపోయిన మాట కూడా నిజమే.

మరో దృశ్యం ఉంది. అత్యాచారానికి గురైన ఒక చిన్న అమ్మాయి మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. ఆమె మీద జరిగింది వ్యాఖ్యానం చెబుతుంటే కెమెరా ఆమె ముఖం మీదే ఉంటుంది. 1971లో అది ప్రపంచాన్ని నిలదీసే దృశ్యం. ఇవాళ ఏ న్యూస్‌రూమ్‌లోనైనా ఆ ముఖాన్ని చూపించవచ్చా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. రావాలి కూడా. ఆమె మౌనం సినిమాకు బలమైన సాక్ష్యం. ఆ మౌనాన్ని వాడుకోవడానికి ఆమె ఒప్పుకుందా అన్నదానికి సినిమాలో జవాబు లేదు.

'స్టాప్ జెనోసైడ్' ఒంటరి సినిమా కాదు. ఆ ఏడాదే నాలుగు చిత్రాల వరుసగా తయారైంది. రెండోది జహీరే తీసిన 'ఎ స్టేట్ ఈజ్ బార్న్'. ఆలంగీర్ కబీర్ 'లిబరేషన్ ఫైటర్స్' తీశారు. యుద్ధంలో చిక్కిన పిల్లల మీద బాబుల్ చౌధురి 'ఇన్నోసెంట్ మిలియన్స్' తీశారు. అరువు కెమెరాలు, కొద్దిపాటి ఫిల్మ్. కలకత్తాలో 'జీబన్ థేకే నేయా' ఆడితే వచ్చిన డబ్బును, తాను ఇబ్బందుల్లో ఉండి కూడా, జహీర్ విముక్తి పోరాటానికి ఇచ్చేశారు. తర్వాత అమెరికన్ లియర్ లెవిన్ అదే 1971లో తీసిన రీళ్లను వెతికి పట్టుకుని తారేక్, కేథరిన్ మసూద్ 1995లో 'ముక్తిర్ గాన్' చేశారు. ట్రక్కెక్కి శిబిరాల్లో పాటలు పాడిన కళాకారుల బృందం కథ అది. బంగ్లాదేశ్ కొత్త తరం తమ యుద్ధాన్ని ఆ సినిమాలోనే కళ్లారా చూసింది.

1971 డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం ఢాకాలో లొంగిపోయింది. రెండు రోజుల ముందు, 14వ తేదీన, అల్ బదర్ ముఠా మేధావుల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ప్రొఫెసర్లు, డాక్టర్లు, జర్నలిస్టులు. అందులో షహీదుల్లా కైసర్ కూడా ఉన్నారు. ఇంట్లోంచి తీసుకుపోయారు. మళ్లీ కనిపించలేదు, శవమూ దొరకలేదు.

విజయం తర్వాత కొద్ది రోజులకే జహీర్ ఢాకా చేరారు. సినిమాల సంగతి పక్కకు పోయింది. అన్నను వెతకడం, మేధావుల హత్యల వెనక ఎవరున్నారో తేల్చడం, ఇవే ఆయన రోజంతా. విచారణ సంఘం ఒకటి ఏర్పాటు చేసి ముందు నిలబడ్డారు. తన దగ్గర ఆధారాలున్నాయని బహిరంగంగానే చెప్పారు. జనవరి 30న ఫోన్ వచ్చింది. షహీదుల్లా మీర్‌పూర్‌లో ఉన్నాడన్న కబురు. జహీర్ బయల్దేరారు.

మీర్‌పూర్ ఢాకాలో భాగమే అయినా అప్పటికింకా విముక్తి కాలేదు. దేశమంతా స్వతంత్రమైన ఆరు వారాల తర్వాత కూడా అది ఉర్దూ మాట్లాడే బిహారీల చేతుల్లో, సైన్యం వదిలివెళ్లిన ఆయుధాలతో, కోటలా ఉండిపోయింది. ఆ రోజే బంగ్లాదేశ్ సైనికులు, పోలీసులు అక్కడ ఇళ్లు సోదా చేయడానికి వెళ్లారు. వాళ్ల మీద కాల్పులు జరిగాయి, పదుల సంఖ్యలో చనిపోయారు. జహీర్ తిరిగి రాలేదు. మర్నాడు, జనవరి 31న మీర్‌పూర్ ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇరవై ఏడేళ్లు రకరకాల కథలు నడిచాయి. ఆయన్ని దాచారని, సొంతవాళ్లే లేకుండా చేశారని, రహస్యాలు తెలిసినందుకే పోయారని. 1999లో మీర్‌పూర్ 12వ సెక్షన్‌లో మసీదు విస్తరణకు తవ్వుతుంటే పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. ఒక ఢాకా దినపత్రిక విలేకరి ఆ దారి పట్టుకుని, నాటి దాడిలో గాయపడి బతికిన ఒక సైనికుణ్ని వెతికి పట్టుకున్నారు. సైనికులతో ఉన్న ఏకైక పౌరుడు తూటాలు తగిలి పడిపోవడం తాను చూశానని ఆ సైనికుడు చెప్పాడు. జహీర్ శవం మాత్రం అన్న శవంలాగే దొరకలేదు. అప్పటికే ఆయనకు మరణానంతరం ఏకుషే పదక్, స్వాధీనతా పురస్కారం ఇచ్చేశారు.

ఆయన మీద బంగ్లాదేశ్‌లో వచ్చే వ్యాసాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. మీర్‌పూర్‌లో ఉన్నది ఎవరన్న ప్రశ్న వాటిలో అరుదు. వాళ్లూ కాందిశీకులే. 1946లో బిహార్‌లో జరిగిన మత హింస నుంచి, ఆ తర్వాత విభజన నుంచి పారిపోయి తూర్పుకు వచ్చిన ముస్లింలు. జహీర్ కుటుంబం కలకత్తా నుంచి తూర్పుకు వెళ్లిన కాలంలోనే వాళ్లూ వెళ్లారు. పాకిస్తాన్ ప్రభుత్వం వాళ్లకు ఇళ్లు, ఉద్యోగాలు ఇచ్చింది. 1971లో వాళ్లలో చాలామంది సైన్యం పక్షాన నిలిచారు, హత్యల్లో పాలుపంచుకున్నారు. అంతకుముందు మార్చిలోనూ, యుద్ధం ముగిశాకా బెంగాలీ గుంపుల చేతుల్లో వేల మంది బిహారీలు చచ్చిపోయారు. ఈ రెండో భాగం 'స్టాప్ జెనోసైడ్'లో లేదు. యుద్ధం మధ్యలో, కళ్లముందు లక్షల మంది బురదలో నడుస్తుంటే తీసిన సినిమాలో అది ఉండాలని అడగడం న్యాయం కాకపోవచ్చు. మరింత కాలం బతికి ఉంటే ఆయన అటు కెమెరా తిప్పేవారా అన్నది ఎవరూ చెప్పలేరు. 'ఆర్ కతో దిన్' రాసిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న వేయాలనిపిస్తుంది.

1971లో వచ్చిన కోటి మందిలో అత్యధికులు కొద్ది నెలల్లోనే, 1972 తొలి భాగంలో తిరిగి వెళ్లిపోయారు. అంతకుముందు దశాబ్దాల్లో తూర్పు పాకిస్తాన్ వదిలి వచ్చినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఈస్‌గాం, నజ్రుల్‌నగర్‌లలో ఇప్పటికీ బెంగాలీ వినిపించడం అందుకే. బిహారీల సంగతి అలా కాలేదు. బంగ్లాదేశ్ వాళ్లను తనవాళ్లు అనలేదు, పాకిస్తాన్ కొంతమందిని తీసుకుని మిగతావాళ్లను వదిలేసింది. మీర్‌పూర్, మహమ్మద్‌పూర్ శిబిరాల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం చొప్పున మూడు తరాలు గడిచాయి. వాళ్లు బంగ్లాదేశ్ పౌరులేనని, ఓటు హక్కు ఇవ్వాలని ఢాకా హైకోర్టు తీర్పు చెప్పింది 2008లో. ఓటరు కార్డులు వచ్చాయి. చాలామంది ఇంకా ఆ శిబిరాల్లోనే ఉన్నారు.